మధ్య కుర్చీల వైపు నుంచి

స్ట్రింగ్ క్వార్టెట్ అంటే రెండు వయొలిన్లు, వాటికంటే కాస్త పెద్దదైన వయోలా, ఇంకా పెద్దదైన చెల్లో కలిసి వాయించే పాశ్చాత్య సంగీత రచన; దాన్ని వాయించే నలుగురి జట్టునూ అదే పేరుతో పిలుస్తారు. దాని గురించి ఎవరు ఏం రాసినా జర్మన్ కవి గోథే మాట ఒకటి ఎత్తుకోకుండా ఉండరు. నలుగురు వివేకవంతులు తమలో తాము మాట్లాడుకుంటుంటే వింటున్నట్టు ఉంటుందని ఆయన 1829లో మిత్రుడు జెల్టర్‌కు రాసిన ఉత్తరంలో అన్నాడు. కొంతకాలంగా నేను క్వార్టెట్ వాద్యకారులు తమ వృత్తి గురించీ, తాము వాయించే స్వరకర్తల గురించీ చెప్పుకున్న జ్ఞాపకాలను, ఇంటర్వ్యూలను వరసబెట్టి చదువుతున్నాను. వాటిలోనూ ఈ వాక్యం నన్ను వదిలిపెట్టలేదు. చదివినకొద్దీ దాని మీద నాకు అనుమానం పెరుగుతూ వచ్చింది. నలుగురు కూర్చుని మాట్లాడుకునేటప్పుడు ఒకరు మాట్లాడితే ముగ్గురు వింటారు. క్వార్టెట్‌లో అలా చేతులు కట్టుకుని వినే అవకాశం ఎవరికీ ఎక్కువసేపు దొరకదు. ఒకరి మెలడీ సాగుతున్నంతసేపూ మిగిలిన ముగ్గురూ ఏదో ఒకటి వాయిస్తూనే ఉంటారు; ఆ వాయించేది చాలాసార్లు మెలడీ కంటే కష్టమైనది, ఆ మెలడీ మనకు దిగులుగా వినిపించాలో ధీమాగా వినిపించాలో నిర్ణయించేది కూడా అదే.

నా అభిప్రాయం ఇది: క్వార్టెట్‌ను మొదటి వయొలిన్ వైపు నుంచి వినడం మనకు అలవాటైపోయింది కానీ, దాన్ని వినవలసింది రెండవ వయొలిన్, వయోలా కూర్చునే మధ్య కుర్చీల వైపు నుంచి. స్వరకర్త ఏం ఆలోచించాడో, ఎక్కడ తెగించాడో ఆ రెండు గొంతుల్లో తెలిసినంతగా పై గొంతులో తెలియదు. దీనికి ఎదురు చెప్పగల ఉదాహరణలు చాలానే ఉన్నాయి, వాటిలో కొన్ని నన్ను నిజంగానే ఇబ్బంది పెట్టాయి. వాటినీ ఇక్కడే పెడతాను.

తని ఎప్పుడిస్తాడు?

మా మేనమామ విజయనగరంలో కచేరీలు వింటూ పెరిగిన మనిషి. ద్వారం వెంకటస్వామినాయుడు గారు పాఠం చెప్పిన ఊరు కాబట్టి వయొలిన్ అంటే ఆయనకు ఇంటి వాద్యం కిందే లెక్క. ఒకసారి ఆయనకు ఆస్ట్రియా స్వరకర్త హైడ్న్ రాసిన క్వార్టెట్ ఒకటి వినిపించాను. కళ్ళు మూసుకుని, చేత్తో తాళం వేస్తూ శ్రద్ధగా పావుగంట విని, "ఆ మెయిన్ వయొలిన్ ఆయన బాగానే వాయిస్తున్నాడు గానీ, పాపం ఈ ముగ్గురికీ తని ఎప్పుడిస్తాడ్రా?" అని అడిగారు.

తని అంటే మన కచేరీలో మృదంగం వంటి తాళవాద్యాలకు విడిగా వాయించమని ఇచ్చే అవకాశం. నవ్వి ఊరుకోదగ్గ ప్రశ్నలాగే ఉంది, కానీ అందులో మన చెవికున్న శిక్షణ అంతా ఉంది. మన కచేరీలో మధ్యన కూర్చున్న కళాకారుడు ప్రధానం, మిగిలినవి పక్కవాద్యాలు. వయొలిన్ వాయించే విద్వాంసుడు గాయకుడి మనోధర్మాన్ని అప్పటికప్పుడు పట్టుకుని, అరక్షణం వెనక నడిచి, తన వంతు వచ్చినప్పుడు తన విద్వత్తు చూపిస్తాడు. అవతలి మనిషి తర్వాత ఏం పాడబోతాడో తెలియకుండా అలా వెంట నడవడం ఎంత గొప్ప విద్యో వేరే చెప్పనక్కర లేదు, అది క్వార్టెట్ వాద్యకారులకు లేని విద్య. అయితే అదే చెవితో క్వార్టెట్ వింటే, అన్నిటికంటే పై స్థాయిలో పలికే మొదటి వయొలిన్‌ను మనం తెలియకుండానే ప్రధాన కళాకారుడి స్థానంలో కూర్చోబెడతాం. రెండవ వయొలిన్‌ను సహకారం అనుకుంటాం. వయోలా అనేది ఒకటుందనే గుర్తించం. ఈ తప్పు మనవాళ్ళది మాత్రమే కాదు, పాశ్చాత్య శ్రోతల్లో సగం మంది వినేదీ ఇలాగే. మనకు దానికో పేరు, ఒక సంప్రదాయం కూడా ఉన్నాయి కాబట్టి కాస్త గట్టిగా వింటాం, అంతే.

1772

హైడ్న్ ఎస్తర్‌హాజీ ప్రభువుల కొలువులో ఉండగా 1772లో రాసిన ఆరు క్వార్టెట్లు ఓపస్ 20గా ప్రసిద్ధం (ఓపస్ అంటే స్వరకర్త రచనలకు వేసే వరస సంఖ్య). వాటిలో రెండవది మొదలయ్యేటప్పుడు మొదటి వయొలిన్ వాయించదు. మెలడీ చెల్లో చేతిలో ఉంటుంది. చెల్లో చేయవలసిన ఆధార స్వరాల పని వయోలా మీద పడుతుంది. రెండవ వయొలిన్ ఆ మెలడీకి తోడుగా మరో వరుస పలుకుతుంది. జట్టు నాయకుడు కమాను ఒళ్ళో పెట్టుకుని తన వంతు కోసం కూర్చుంటాడు. అంతకు కొద్ది కాలం ముందే అదే హైడ్న్ ఓపస్ 9, ఓపస్ 17 క్వార్టెట్లలో మొదటి వయొలిన్‌కు కాన్చెర్టో (వాద్యబృందం ముందు ఒక్కరే మెరిసే రచన) స్థాయి పని పెట్టాడు, ఎందుకంటే ఎస్తర్‌హాజీ వాద్యబృందానికి నాయకుడైన లుయీజీ తొమజీనీ చేతిలో అంతటి సత్తువ ఉంది. ఒక సమర్థుడైన వయొలిన్ విద్వాంసుడు చేతికింద ఉండి కూడా అతన్ని కొన్ని బార్ల (మన తాళంలో ఆవర్తనాల్లాంటివి) పాటు మౌనంగా కూర్చోబెట్టాలని హైడ్న్‌కు తోచడమే నాకు ఆ ప్రక్రియ చరిత్రలో అన్నిటికంటే ముఖ్యమైన ఘటనగా కనిపిస్తుంది.

మొదటి వయొలిన్ ఆధిపత్యానికి ఉదాహరణగా తరచూ చూపించే లార్క్ క్వార్టెట్‌నే తీసుకోండి. 1790 నాటి ఈ ఓపస్ 64లోని ఐదవ క్వార్టెట్‌లో మొదటి వయొలిన్ భరతపక్షిలా పైకెగురుతుందని అందరూ చెబుతారు, ఎగురుతుంది కూడా. కానీ అది ఎగరడానికి ముందు కింది మూడు వాద్యాలూ పొడిపొడిగా, తుంచినట్టున్న స్వరాలతో తమ బాణీని తాము పూర్తిగా వాయించేస్తాయి. మనం పాట మొదలైందనుకున్నదంతా ఆ ముగ్గురిదేనని, పక్షి వాళ్ళ మీదుగా వచ్చి వాలిందని తర్వాతే తెలుస్తుంది. ఆ ముగ్గురినీ తీసేసి మొదటి వయొలిన్ ఒక్కదాన్నీ వాయించి చూస్తే పక్షి మిగులుతుంది గానీ ఎగిరినట్టుండదు.

స్వరకర్త ఎక్కడ కూర్చున్నాడు?

1784లో వియన్నాలో స్టీఫెన్ స్టోరేస్ అనే సంగీతకారుడి ఇంట జరిగిన ఒక సాయంత్రపు గోష్ఠిని ఐరిష్ గాయకుడు మైకేల్ కెల్లీ తర్వాత రాసుకున్నాడు. మొదటి వయొలిన్ హైడ్న్, రెండవ వయొలిన్ డిటర్స్‌డార్ఫ్, చెల్లో వాన్‌హాల్, వయోలా మొజార్ట్. వాయిద్యం ఫరవాలేదని, తమ తమ వాద్యాల్లో వాళ్ళెవరూ ఉద్దండులు కారని కెల్లీ నిర్మొహమాటంగా రాశాడు. ఆ గదిలో కూర్చుని విన్నవాడికి అలా రాసే హక్కు ఉంది. నన్ను ఆపింది మాత్రం కుర్చీల పంపకం. యూరప్‌కే పేరు మోసిన వయొలిన్ గురువు కొడుకు, స్వయంగా వయొలిన్ కాన్చెర్టోలు రాసి వాయించినవాడు వెళ్ళి వయోలా పట్టుకున్నాడు.

అతనొక్కడే అయితే వదిలేయవచ్చు. బీథోవెన్ 1789 నుంచి బాన్ దర్బారు వాద్యబృందంలో వయోలా వాయించాడు. షూబర్ట్ ఇంట్లో తండ్రి చెల్లో, అన్నలిద్దరూ వయొలిన్లు, ఫ్రాంజ్ వయోలా. ద్వోర్జాక్ ప్రాగ్‌లోని ప్రొవిజనల్ థియేటర్ వాద్యబృందంలో సుమారు తొమ్మిదేళ్ళు వయోలా వాద్యకారుడిగా జీతం తీసుకున్నాడు. ఇరవయ్యవ శతాబ్దంలో హిండెమిట్ వయొలిన్ నుంచి వయోలాకు మారి, అమర్ క్వార్టెట్‌లో ఆ కుర్చీలోనే కూర్చుని ఊరూరా తిరిగాడు.

దీనికి ఒక మామూలు కారణం కూడా ఉండవచ్చు, అది ముందే ఒప్పుకోవాలి. ఇంట్లో నలుగురు కూడితే వయొలిన్ కోసం పోటీ ఉంటుంది, వయోలా ఖాళీగా ఉంటుంది. సంగీతం చదవడంలో చురుకైనవాడు సర్దుకుని అటు వెళతాడు. క్వార్టెట్ అంటే ఒక మంచి వయొలినిస్టు, ఒక మామూలు వయొలినిస్టు, ఒక మాజీ వయొలినిస్టు, వయొలినిస్టులంటే గిట్టని ఇంకొకడు అని ఆ వృత్తిలో ఉన్నవాళ్ళే వేసుకునే జోకు ఒకటుంది. మాజీ అన్నది వయోలా మనిషిని, అది అబద్ధం కాదు. అమడేయస్ క్వార్టెట్ వయోలా పీటర్ షిడ్‌లోఫ్, గ్వార్నేరి క్వార్టెట్ వయోలా మైకేల్ ట్రీ ఇద్దరూ వయొలిన్ వాద్యకారులుగా తయారైనవాళ్ళే.

అయినా, సర్దుబాటుగా మొదలైనది చూపుగా మారడానికి అడ్డేమీ లేదు. వయోలా మధ్యలో కూర్చుంటుంది. దానికి పైన రెండు గొంతులు, కింద ఒకటి. ఒకేసారి పలికే స్వరాల కలయిక, అంటే హార్మనీ, మారే చోట ఆ మార్పు తెచ్చే స్వరం చాలాసార్లు దాని దగ్గరే ఉంటుంది. పై వరుసకు బాణీ ఉంది, కింది వరుసకు ఆధారం ఉంది; మధ్యలోవాడికి మాత్రం మిగిలిన అందరినీ వింటే తప్ప తన స్వరానికి అర్థం దొరకదు. స్వరకర్త కావలసిన కుర్రవాడికి ఇంతకంటే మంచి పాఠశాల ఎక్కడుంటుంది? షూబర్ట్ గురించి అతని అన్న ఫెర్డినాండ్ చెప్పిన ముచ్చట దీనికి సాక్ష్యం. తండ్రి చెల్లో మీద తప్పు వాయిస్తే ఆ కుర్రవాడు మొదటిసారి ఏమీ అనేవాడు కాదట. మళ్ళీ అదే తప్పు వస్తే సిగ్గుపడుతూ చిన్నగా నవ్వి, "నాన్నగారూ, ఎక్కడో ఏదో పొరపాటు దొర్లినట్టుంది" అనేవాడట. ఇంటి పెద్ద తప్పును పట్టుకోగలిగింది ఆ నలుగురిలో అందరికంటే చిన్నవాడు, మధ్య కుర్చీలో ఉన్నవాడు.

వాద్యం తీరు కూడా ఇందులో కలిసివస్తుంది. వయోలా శ్రుతి వయొలిన్‌కు ఐదు స్వరాల దిగువన ఉంటుంది. లెక్క ప్రకారం దాని పెట్టె వయొలిన్ కంటే ఒకటిన్నర రెట్లు ఉండాలి, అంటే 53 సెంటీమీటర్ల దాకా. అంత పొడవున్నదాన్ని భుజం మీద పెట్టుకుని వాయించడం మనిషికి సాధ్యం కాదు కాబట్టి 40, 42 సెంటీమీటర్ల దగ్గర ఆపేస్తారు. ఆ లోటు వల్లనే దాని గొంతు కాస్త కప్పేసినట్టు, ముక్కుతో పలికినట్టు ఉంటుంది. గదిలో అందరికంటే గట్టిగా వినిపించడం ఆ వాద్యానికి పుట్టుకతోనే రాసిపెట్టి లేదు.

రెండు బార్ల కోసం ఒక సాయంత్రం

మేము ఒహాయోలో ఉన్నప్పుడు మా పక్కింట్లో ఒక రిటైరైన స్కూలు టీచరమ్మ ఉండేవారు. వారాంతాల్లో వాళ్ళింట్లో నలుగురు చేరి క్వార్టెట్లు వాయించుకునేవాళ్ళు. వినేవాళ్ళ కోసం కాదు. నేను వెళితే ఒక కుర్చీ వేసేవారు, అంతవరకే. గది చిన్నది కావడంతో ఆ కుర్చీ ఎప్పుడూ ఆవిడ వయోలా వెనకే పడేది. ఒకరోజు షూబర్ట్ 1824లో రాసిన ఏ మైనర్ క్వార్టెట్, అందరూ రోజాముండ అని పిలిచేది, ఎత్తుకున్నారు.

అది మొదలయ్యేది రెండవ వయొలిన్‌తో. రెండు బార్ల పాటు మెలడీ ఉండదు. రెండవ వయొలిన్ మీద ఎక్కడా నిలవకుండా తిరుగుతూ ఉండే ఒక స్వరాల చుట్ట, కింద వయోలా, చెల్లో మీద ఒక పొడుగు స్వరం, దాని చివర చిన్న వణుకు. మూడవ బార్‌లో మొదటి వయొలిన్ వచ్చి, ఆ సన్నని, దిగే బాణీని అందుకుంటుంది. ఆ సాయంత్రం చాలాభాగం ఆ మొదటి రెండు బార్ల మీదే గడిచింది. రెండవ వయొలిన్ ఆయన కమానును ఎంత తేలిగ్గా ఆనించాలి, చుట్టలోని ఏ స్వరం మీద బరువు పడకూడదు, వయోలా వణుకు భయంలా ఉండాలా చలిలా ఉండాలా, చాలా మెల్లగా వాయించమని షూబర్ట్ రాసినప్పుడు దూరంగా వినిపించమన్నాడా లేక ఊపిరి బిగబట్టమన్నాడా, ఇదంతా వాదించుకున్నారు. మొదటి వయొలిన్ వాయించే ఆయన లేచి వెళ్ళి కాఫీ కలుపుకుని వచ్చి తాగుతూ కూర్చున్నాడు. ఆయన్ని కూడా మాటల్లోకి లాగబోతే, "వీళ్ళు కుదిరేదాకా నేను వాయించినా దండగే" అన్నాడు.

ఆయన అన్నది అక్షరాలా నిజమని తర్వాత తెలిసింది. వాళ్ళు కుదిరాక ఆ బాణీ మొదలైనప్పుడు, అంతకుముందు రికార్డుల్లో ఎన్నోసార్లు విన్నదే అయినా, అది దిగులు బాణీ కావడానికి కారణం దానికంటే ముందే మొదలైన ఆ చుట్ట అని తేలిపోయింది. ఆరువందలకు పైగా పాటలు రాసిన షూబర్ట్ పాటలో పియానోకు ఇచ్చే బాధ్యతను ఇక్కడ రెండవ వయొలిన్‌కు ఇచ్చాడు. పదిహేడేళ్ళ వయసులో రాసిన, రాట్నం వడుకుతున్న గ్రెట్చెన్ అనే అమ్మాయి పాటలో రాట్నం ఆగకుండా తిరిగేది పియానోలోనే కదా.

హోల్జ్ అనే గుమాస్తా

బీథోవెన్ చివరి క్వార్టెట్ల గురించి మనకు తెలిసిన విషయాల్లో ఎన్ని కార్ల్ హోల్జ్ అనే మనిషి ద్వారా వచ్చాయో లెక్క వేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఆయన ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా, షుప్పన్‌జిగ్ క్వార్టెట్‌లో రెండవ వయొలిన్. బీథోవెన్‌కు చివరి రోజుల్లో ఉత్తరాలు రాసిపెట్టినవాడు, లెక్కలు చూసినవాడు. ఓపస్ 130లోని కవతీనా అనే భాగాన్ని బీథోవెన్ కన్నీళ్ళతో రాశాడని, తన సంగీతంలో మరేదీ తనను ఇంతగా కదిలించలేదని ఒప్పుకున్నాడని చెప్పింది హోల్జే. ఆ కవతీనాలో మొదటి వాక్యం ఎత్తుకునేది రెండవ వయొలిన్. మొదటి వయొలిన్ దాని వెనక వచ్చి చేరుతుంది. అంటే ఆ మాట చెప్పినవాడు ఆ భాగాన్ని తన కమానుతో మొదలుపెట్టినవాడే.

1977లో అంతరిక్షంలోకి పంపిన వాయేజర్ బంగారు రికార్డులో చివరి సంగీతంగా పెట్టింది ఈ కవతీనానే, బుడాపెస్ట్ క్వార్టెట్ వాయించినది. అదే రికార్డులో కేసర్‌బాయి కేర్కర్ భైరవి కూడా ఉందని మనవాళ్ళు గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కేసర్‌బాయి కంఠం ఒక్కటి చాలు ఆ భైరవిని మోయడానికి. కవతీనాను ఏ ఒక్క గొంతూ మోయలేదు.

ఓపస్ 130 మొదట 1826 మార్చి 21న వాయించినప్పుడు చివరి భాగంగా ఉన్నది గ్రోస ఫూగ, అంటే ఒకే బాణీని గొంతులు ఒకదాని వెనక ఒకటి అందుకుని అల్లుకుపోయే పెద్ద ఫూగ్. జనం మధ్యలోని రెండు తేలికైన భాగాలను మళ్ళీ వాయించమని అడిగి, ఫూగ్ దగ్గర గుడ్లప్పగించారు. తర్వాత ప్రచురణకర్త కోరిక మీద ఫూగ్‌ను విడిగా అచ్చు వేసి, దాని స్థానంలో మరో ముగింపు రాయడానికి బీథోవెన్‌ను ఒప్పించే రాయబారం నడిపిందీ హోల్జే. ఇది ఆయన చేసిన మేలో కీడో నేను తేల్చుకోలేకపోయాను. కొత్త ముగింపు సరదాగా, హాయిగా ఉంటుంది. కవతీనా విన్న వెంటనే ఆ హాయి నాకు ఎప్పుడూ కాస్త ముందుగా వచ్చినట్టే ఉంటుంది. చాలా క్వార్టెట్ జట్లు ఇప్పుడు ఫూగ్‌తోనే ముగిస్తున్నాయి.

షూబర్ట్ చనిపోవడానికి ఐదు రోజుల ముందు, 1828 నవంబరులో, ఆయన కోరిక మీద ఓపస్ 131ను ఆయన కోసం వాయించారన్న సంగతి కూడా హోల్జ్ చెప్పగా నిలిచినదే.

ఇక్కడే నా వాదానికి గట్టి అడ్డు ఒకటి వస్తుంది. బీథోవెన్ క్వార్టెట్ సాధన ఎలా చేయించాడో కళ్ళకు కట్టినట్టు చెప్పింది హోల్జ్ కాదు, మొదటి వయొలిన్ వాయించిన జోసెఫ్ బోమ్. 1825 మార్చిలో షుప్పన్‌జిగ్ జట్టు ఓపస్ 127ను సరిగ్గా వాయించలేకపోయాక బీథోవెన్ ఆ పని బోమ్‌కు అప్పగించాడు. ఆయన ఎదుటే సాధన. పాపం, ఒక్క స్వరమూ వినపడదు. అయినా మూలన కూర్చుని కమానుల కదలికను కళ్ళతో వెంటాడుతూ, కాలంలో ఏ కొంచెం తేడా వచ్చినా పట్టుకుని సరిచేసేవాడట. చివరలో వేగం తగ్గించమని ఆయనే రాసిన చోట తగ్గిస్తే బాగోదనిపించి, బోమ్ మిగిలినవాళ్ళకు చెప్పి వేగం మార్చకుండా వాయించాడు. బీథోవెన్ కమానులనే చూస్తూ కూర్చుని, అయ్యాక లేచి వచ్చి, అలాగే ఉండనివ్వండి అని నలుగురి కాగితాల మీదా తన సూచనను తానే కొట్టేశాడు.

ఇంత విలువైన సాక్ష్యం పై కుర్చీలోంచి వచ్చింది. ఒక స్వరకర్త రాతను ప్రశ్నించే ధైర్యం, అది సరైనదని నిరూపించే నాయకత్వం మొదటి వయొలిన్‌కే ఉన్నాయి. దీన్ని నేను తోసిపుచ్చలేను. కానీ ఆ కథలో బీథోవెన్ ఏం చేస్తున్నాడో గమనించండి. చెవికి పై గొంతు ముందు వినిపిస్తుంది, కంటికి నాలుగు కమానులూ ఒకే పరిమాణంలో కనిపిస్తాయి. చెవుడు వచ్చిన తర్వాత ఆయన క్వార్టెట్‌ను చూసి వింటున్నాడు. ఓపస్ 131లోనూ 132లోనూ నాలుగు గొంతుల మధ్య ఎక్కువతక్కువలు దాదాపు చెరిగిపోవడానికి దీనికీ సంబంధం ఉందని నిరూపించలేను, అలా అనుకోకుండానూ ఉండలేను.

ఎదురు వాదాలు, కొన్ని తేలికవి, కొన్ని కావు

లూయీ ష్పోర్ వంటి వయొలిన్ విద్వాంసులు మొదటి వయొలిన్ మెరవడానికే క్వార్టెట్లు రాశారు; మిగిలిన ముగ్గురూ అందులో నిజంగానే పక్కవాద్యాలు. అవి ఇప్పుడు కచేరీల్లో అరుదుగా వినిపిస్తాయి. మొజార్ట్ చివరి మూడు క్వార్టెట్లు చెల్లో వాయించే ప్రష్యా రాజును మనసులో పెట్టుకుని రాసినవి, అందుకే వాటిలో చెల్లో పైకి పైకి పాడుతుంది. రాజుగారి చెల్లో పైకి పోయినప్పుడు కింద ఖాళీ అయిన చోటును నింపేది ఎవరని చూస్తే మళ్ళీ వయోలానే. ఈ రెండూ తేలిక వాదాలు.

కష్టమైనది జట్ల చరిత్ర. ఒక క్వార్టెట్ శైలి అంటే దాని మొదటి వయొలిన్ శైలే అని చాలామంది నమ్ముతారు, రికార్డులు వింటే అది ఉత్తమాట కాదనీ అనిపిస్తుంది. అమడేయస్ క్వార్టెట్ అనగానే నార్బర్ట్ బ్రైనిన్ వయొలిన్ తీపి మొదట గుర్తుకొస్తుంది. హిట్లర్ బారి నుంచి తప్పించుకుని ఇంగ్లండ్ చేరి, అక్కడ శత్రుదేశస్థులన్న పేరుతో నిర్బంధ శిబిరాల్లో పడి, ఆ శిబిరాల్లోనే ఒకరికొకరు పరిచయమైన ముగ్గురు ఆస్ట్రియా యూదులు, ఒక ఇంగ్లీషు చెల్లో వాద్యకారుడు కలిసి ఆ జట్టు కట్టారు. నలభై ఏళ్ళు మనిషి మారలేదు. 1987లో వయోలా షిడ్‌లోఫ్ చనిపోయాడు. మిగిలిన ముగ్గురూ ఇంకొకరిని వెతుక్కోలేదు, జట్టునే ఆపేశారు. దీన్ని నా వాదానికి రుజువుగా వాడుకోవాలని ఉంది గానీ అది సరికాదు. చెల్లో పోయినా వాళ్ళు అదే చేసేవాళ్ళేమో. మరోవైపు బుడాపెస్ట్ క్వార్టెట్‌లో హంగేరీవాళ్ళంతా ఒక్కొక్కరే మారిపోయి 1936 నాటికి నలుగురూ రష్యావాళ్ళే మిగిలారు. జట్టు మాత్రం మరో మూడు దశాబ్దాలు అదే పేరుతో నడిచింది. ఎమర్సన్ క్వార్టెట్‌లో ఇద్దరు వయొలినిస్టులూ మొదటి, రెండవ కుర్చీలు మార్చుకుంటూ 1976 నుంచి 2023 దాకా వాయించారు. రెండవ కుర్చీలో కూర్చున్న అనుభవం లేకుండా మొదటి కుర్చీలో కూర్చోకూడదన్నది వాళ్ళ సిద్ధాంతమో కాదో గానీ, ఫలితం మాత్రం అలాగే వినిపిస్తుంది.

నలుగురికి నాలుగు

రష్యన్ స్వరకర్త షోస్తకోవిచ్ పియానో మనిషి. ఆయన పదిహేను క్వార్టెట్లలో రెండు నుంచి పద్నాలుగు వరకు మొదట వాయించింది మాస్కోకు చెందిన బీథోవెన్ క్వార్టెట్. 1965లో ఆ జట్టు రెండవ వయొలిన్ వసీలీ షిరీన్‌స్కీ చనిపోయాడు. మరుసటి ఏడు ఆయన స్మృతికి పదకొండవ క్వార్టెట్ అంకితమైంది. తర్వాత పన్నెండవది మొదటి వయొలిన్‌కు, పదమూడవది వయోలాకు, పద్నాలుగవది చెల్లోకు. వరుసలో మొదట నిలిచింది రెండవ వయొలిన్ అన్నది మృత్యువు చేసిన పనే, స్వరకర్త ఎంపిక కాదు. కానీ ఆ స్మృతిచిహ్నంలో ఆయన చేసిన పని చూడండి. హ్యూమొరెస్క్ అనే భాగంలో రెండవ వయొలిన్ కోయిల కూతలా రెండే రెండు స్వరాలను పట్టుకుని వదలకుండా వాయిస్తూ ఉంటుంది. చనిపోయిన మిత్రుడి కుర్చీలో కూర్చున్న కొత్త మనిషి చేత, ఆ కుర్చీలో ఒక జీవితకాలం చేయవలసి వచ్చే మార్పులేని పనిని అలా వేళాకోళంగానూ భయంగానూ చేయించడం నాకు ఏ శోకగీతం కంటే ఎక్కువగా తగిలింది.

పదమూడవది 1970లో వయోలా వాద్యకారుడు వదీమ్ బరిసోవ్‌స్కీకి రాసినది. అప్పటికే ఆయన జట్టు నుంచి తప్పుకున్నాడు; వాయించింది ఆయన శిష్యుడు ఫ్యోదర్ ద్రుజీనిన్. ఒకే భాగంగా సాగే ఈ క్వార్టెట్ వయోలా ఒంటరి గొంతుతో మొదలై, మధ్యలో కమాను కర్రతో వాద్యం పెట్టె మీద కొట్టే దెబ్బల గుండా నడిచి, వయోలా పలకగలిగిన ఎత్తైన స్థాయికి చేరి ఆగుతుంది. ఆ చివరి స్వరంలోకి రెండు వయొలిన్లూ వచ్చి కలుస్తాయి. ఇక్కడ వాళ్ళు సహకారం, వయోలా ప్రధానం. ఐదేళ్ళ తర్వాత షోస్తకోవిచ్ రాసిన ఆఖరి రచన కూడా ద్రుజీనిన్ కోసమే, వయోలా సొనాటా.

స్వరకర్త వయోలా కుర్చీలో కూర్చున్నాడు కాబట్టి మధ్య గొంతులు తెలుసు అన్న నా ముందరి తర్కం ఇక్కడ నిలవదని ఒప్పుకుంటున్నాను. షోస్తకోవిచ్ ఆ కుర్చీలో కూర్చోలేదు. దశాబ్దాల పాటు దాంట్లో కూర్చున్నవాళ్ళ పక్కన కూర్చుని విన్నాడు. హంగేరీ స్వరకర్త బార్టోక్ కూడా పియానో విద్వాంసుడే. ఆయన 1939లో, యూరప్ వదిలి వెళ్ళేముందు పూర్తిచేసిన ఆరవ క్వార్టెట్ ఒంటరి వయోలాతో మొదలవుతుంది. విషాదంగా వాయించమని రాసిన పదమూడు బార్ల బాణీ, తోడు ఎవరూ లేరు. అదే బాణీ రెండవ భాగానికి ముందు రెండు వరుసలుగా, మూడవ భాగానికి ముందు మూడు వరుసలుగా, చివరికి నలుగురి మధ్యా విస్తరించి తానే ఆఖరి భాగమై కూర్చుంటుంది. అక్కడ ఒక వేగమైన ముగింపు రాయాలని బార్టోక్ ముందు అనుకున్నాడు, తర్వాత మానేశాడు.

యూట్యూబ్‌లో ఈ క్వార్టెట్లు స్కోర్‌తో సహా, అంటే నలుగురి స్వరాలూ ఒకదాని కింద ఒకటి రాసిన కాగితంతో సహా దొరుకుతాయి. నాలుగు వరుసల్లో కళ్ళు సహజంగా పై వరుస మీద నిలుస్తాయి. వయోలాదైన మూడవ వరుస మీద పెట్టి ఉంచడం మొదట్లో విసుగుగానే ఉంటుంది. ద్వోర్జాక్ 1893లో అమెరికాలోని స్పిల్‌విల్ అనే పల్లెలో రాసిన క్వార్టెట్‌తో మొదలుపెట్టండి, అందులో మొదటి బాణీ ఆ వరుసలోనే ఉంది కాబట్టి కష్టం తెలియదు. స్మెతానా 1876లో తన జీవితం గురించి రాసుకున్న క్వార్టెట్ కూడా వయోలాతోనే మొదలవుతుంది, దాని తొలి ప్రైవేటు ప్రదర్శనలో ఆ వరుస వాయించినవాడు ఆ ద్వోర్జాకే. ఆ తర్వాత రోజాముండ. మా మేనమామకు నేను ఈ వరసలో వినిపించలేదు, ఆయన అడిగిన ప్రశ్న ఇంకా అలాగే ఉంది. కానీ పదమూడవ షోస్తకోవిచ్ వినిపిస్తే ఆయన తని వచ్చిందనే అంటారని నా గట్టి నమ్మకం, ఆ పెట్టె మీద దెబ్బల దగ్గర తాళం కూడా వేస్తారు.